చిన్నమ్మ ముస్తాబు చేసిన మట్టి

ఆ రోజుల్లో అడవి అంచున దొరికేదంతా స్వచ్ఛమేనని నాకు గట్టి నమ్మకం. (జూలూరుపాడు దాటి చెట్లు చిక్కబడితే చాలు, గాలి కూడా భక్తిగా పీల్చేదాన్ని.) అప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. మిరపను ఎండు తెగులు నుంచి కాపాడే ట్రైకోడెర్మా అనే మేలు శిలీంధ్రం మీద నా పరిశోధన. ఎరువుల దుకాణంలో పొడిగా అమ్మేది పనికిరాదు, ఈ నేలలో తనంతట తాను పుట్టిన రకమే కావాలని మా గైడు పెద్దసారు పట్టు. "అసలైన స్ట్రెయిన్ దొరకలేదా, టాపిక్ మార్చుకో తల్లీ" అన్నారు. మారిస్తే అప్పటిదాకా పడ్డ కష్టమంతా మట్టిపాలే.

అడవిని ఆనుకుని మా చిన్నమ్మ వాళ్ల చేను, దాని చివర నాగలి తగలని బీడు ఉన్నాయి. మర్యాద తెలిసినదాన్ని కదా, ల్యాబులో పరీక్షకు ఆ బీడు మట్టి కావాలని ముందుగానే ఫోన్ చేశాను. "అవ్ బిడ్డా, జరూర్ రా" అంది. వెళ్లాక నాటుకోడి కూర తినిపించింది. నేను గ్లవుజులు తొడుక్కుని, స్పిరిట్‌తో తుడిచిన చెంచాతో నిష్ఠగా మట్టి తీస్తుంటే గట్టు మీద నిలబడి మురిసిపోయింది.

కొన్నాళ్లకు గాజు పళ్లెంలో శిలీంధ్రం పచ్చగా విచ్చుకుని, పక్కనే పెట్టిన తెగులును కమ్మేసింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ల్యాబంతా స్వీట్లు పంచి, దానికి నా పేరే పెట్టుకున్నాను (అడ్డుచెప్పేదెవరు?). తర్వాత డీఎన్‌ఏ పరీక్షలో బజారు పొడితో పోల్చి చూస్తే గీతకు గీత కలిసింది. పెద్దసారు కళ్లద్దాలు తీసి, "నీ పేరు ప్యాకెట్లలో కూడా అమ్ముతున్నారమ్మా" అన్నారు.

ఏడుపు గొంతుతోనే చిన్నమ్మకు ఫోన్ చేశాను. "ఆ బీడుల ఏమన్న సల్లినవా చిన్నమ్మా?"

"సల్లకుంటె ఎట్లనే? పరీక్షల మన మన్ను మంచిగ లేదంటే ఇజ్జత్ పోదా? దుకాణంల పొడి దెచ్చి, పెంటల గలిపి, నీళ్లు గొట్టి తయారు జేసిన. పెండ్లిచూపులకు పిల్లను గట్లనే కూసోబెడ్తమా?"

కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుస్తూనే పగలబడి నవ్వాను.

ఈసారి చెప్పకుండా వెళ్లి, బీడు వదిలేసి, వాగు దాటి ఇప్పచెట్ల కింద మట్టి తీసుకున్నాను. "ఏంది గిట్ల సెప్పకుంట వస్తవ్, కూర గూడ లేకపాయె" అని నొచ్చుకుంటూనే చిన్నమ్మ పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. దొరికిన శిలీంధ్రం ఏ ప్యాకెట్‌తోనూ కలవలేదు, అచ్చంగా ఇక్కడిదే. కాకపోతే తెగులును అడ్డుకోవడంలో పరమ బద్ధకస్తురాలు! అయినా నా టాపిక్ నిలిచింది, డిగ్రీ చేతికొచ్చింది. ఈ రెండోదానికి చిన్నమ్మ పేరు పెట్టాను.

ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేసే పిల్లలు దాన్ని చూసి, "ఇది ఎందుకూ పనికిరాదు కదా మేడం, పారేద్దామా?" అంటారు. ఉండనీయమంటాను. చిన్నమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంతకీ మన మన్ను పాసయిందానే?" అని అడుగుతుంది. "ఫస్ట్ క్లాసుల పాసయింది చిన్నమ్మా" అంటాను. ఫోన్ పెట్టేశాక, స్వీట్ల డబ్బా పట్టుకుని ల్యాబంతా తిరిగిన ఆ తొందరపిల్ల కళ్లముందు మెదులుతుంది. దాన్ని తిట్టబుద్ధి కాదు, ముద్దొస్తుంది.