ఒంటిపూట నిష్ఠ

పుంగనూరులో మా ఇంటి మగవాళ్లు నలభై దాటాక రాత్రి భోజనం మానేసేవారు. దాన్ని ఒంటిపూట నిష్ఠ అనేవాళ్లం. తాత చేశాడు, నాన్న చేశాడు, చిన్నాన్న చేశాడు. నానాటికీ చిక్కిపోయి, చివరికి మంచినీళ్లతో సరిపెట్టుకుని, మూలగకుండా పోయారు. ఊరివాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టేవారు. భూములు పోయినా ఆ నిష్ఠ మాకు మిగిలిందని నేను తలెత్తుకుని తిరిగేవాణ్ణి.

తొంభైల చివర్లో చిన్నాన్న కొడుకు నిష్ఠ మొదలుపెట్టిన కొన్నాళ్లకే మదనపల్లె ఆసుపత్రిలో చేరాడు. పెద్దపేగులో క్యాన్సరన్నారు. వాడు పోయాక డాక్టరమ్మ నన్ను పిలిచి, ఏ బాధా లేకపోయినా నేనూ పరీక్ష చేయించుకోవాలంది. ఒకే రక్తం వాళ్లలో ఇది చప్పుడు లేకుండా పెరుగుతుందట. మా వంశంలో రోగాలు లేవని, పెద్దలంతా నిష్ఠతో పోయారని చెప్పాను. ఆమె ఒక్కొక్కరి గురించీ ఓపిగ్గా అడిగింది. చెబుతూంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

"ఆకలి ఉండి మానేశారా, ఆకలి లేక మానేశారా?" అందామె.

ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

కడుపు ఖాళీ అయ్యే మందు తాగి, బల్లమీద పక్కకు తిరిగి పడుకున్నాను. లోపలికి పంపిన కెమెరా గొట్టం టీవీలో నా పేగు దారిని చూపించింది. తడిగా, ఎర్రగా, మలుపు తర్వాత మలుపు. ఒకచోట గోడకు బుడిపెలు, వానకు మొలిచిన పుట్టగొడుగుల్లా. నాకు నొప్పి లేదు, మంట లేదు. నేను నాన్న ఫొటోకు దండ వేసిన రోజున కూడా అవి అక్కడే ఉండి ఉంటాయి. డాక్టరమ్మ వాటిని తీగతో తీసేసి, ఇంకా ముదరలేదంది. తోబుట్టువులున్నారా అని అడిగింది.

కుప్పంలో అక్క ఉంది. వెళ్లి, తనూ పరీక్ష చేయించుకోవాలని చెబితే నవ్వింది. అది మగవాళ్ల నిష్ఠ, తనకేం సంబంధమంది. పొద్దుగూకాక నాకు సంగటి వడ్డించి, తాను ఊరికే ఎదురుగా కూర్చుంది. నువ్వు తినవా అన్నాను.

"పొద్దుగూకితే ఆకలి అయ్యేదే లేదప్పా, శానా దినాలుగా. యాల బలవంతంగా తినేది? అంతకుమించి నాకేముండాది, గుండ్రాయి మాదిరి ఉండాను."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దీపం వెలుగులో ఆమె చెంపలు నాన్నవే.

రానంటే రానంది. నేను ఎవరి ముందూ వంగినవాణ్ణి కాదు. ఆ రాత్రి ఆమె కాళ్లు పట్టుకున్నాను. తెల్లవారి మదనపల్లె బస్సెక్కాం. పుంగనూరు దగ్గరపడుతూంటే ఆమె నా చెవి దగ్గరకు వంగింది.

"ఎవురన్నా అడిగితే గుడికి పోతాండామని చెప్పు."

బస్టాండులో ఊరి పెద్దమనిషొకడు కిటికీ దగ్గరికొచ్చి దండం పెట్టి, యాడికని అడిగాడు. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆసుపత్రికన్నాను. ఎవరికి బాగాలేదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"బాగాలేక కాదప్పా. ముందే సూపించుకుందామని."