ఆగుమనేటోడు

మా అన్న పోశన్నకు ఆయన మాటే మాట. వద్దంటె ఇనడు, ఔనంటె ఉబ్బుతడు. నా మొగడు పోయినంక నేను ఆయన ఇంట్లనే ఉన్న, గానుగ కాడ బెల్లం పొయ్యిల చెరుకు పిప్పి ఎగేసుకుంట. గందుకే ఆయన సంగతి ఈ హన్మవ్వకు తెలిసినంత ఊర్ల ఎవలికీ తెల్వది.

మాది రెంజల్ దిక్కు. మా ఊరి చెరుకు సగం బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోతుండె, సగం మా గానుగకొస్తుండె. పాకం ఎప్పుడు దించాలెనో అన్ననే చెప్పాలె. కడాయిల బుడగలు చూసి చెప్పేటోడు. సన్న బుడగలు పోయి పెద్దయి లేస్తె, ఇగ దించుండ్రి అనేటోడు.

అండ్ల జొరబడ్డడు రత్తయ్య. గుంటూరు దిక్కు నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నోడు. మొదటిసారి తన చెరుకు తెచ్చిననాడే గిన్నెల సల్లనీళ్లు పోసి, అండ్ల పాకం చుక్కేసి, వేళ్లతోని ఉండ చుట్టి చూశిండు. "ఇంకా రాలేదు, ఆగు" అన్నడు. అన్నకు ఒళ్లు మండింది. నా గానుగ కాడ నాకే చెప్తవా అని మీదికి లేశిండు. నాకు గూడ కోపమే వచ్చింది, అబద్ధమెందుకు? కని చెరుకు రత్తయ్యదే గదా అని ఆగిర్రు. ఆ బెల్లం గట్టిగ, బంగారం రంగుల దిగింది.

అప్పటి సంది రత్తయ్య దినాం గానుగ కాడికొచ్చేటోడు, ఇద్దరు ఔనంటెనే కడాయి దించుడు. రత్తయ్యదే తప్పయిన రోజులు గూడ ఉన్నయి. ఉండ ఇంకా గట్టివడాలె అని ఆయన కూసుంటె, అడుగంటుతదని అన్న కడాయి గుంజుకునేటోడు. ఎప్పుడు చూడు లొల్లే. ఇద్దర్నీ తిట్టుకుంటనే చాయ్ పోసేదాన్ని. పొద్దుగూకినంక ఒక్క గట్టు మీదనే కూసొని బీడీలు తాగేటోళ్లు. ఆ ఏండ్లల్ల ఒక్క కడాయి చెడలే.

అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి లేశింది. ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె అన్నరు. మా ఊరోళ్లు రత్తయ్యతోని మాట బంద్ జేశిర్రు. ఆయన భార్య నీళ్లకు రావాలంటె గూడ భయపడ్డది, పాపం. ఆఖరికి రత్తయ్య సామాను బండికెక్కించిండు. మా గానుగ ముంగట్నుంచే పోయిండు. ఉండుమనే మాట అన్న గొంతుదాక వచ్చింది, నేను చూస్తనే ఉన్న. ఊరంత నిలబడి చూస్తుంటె మింగేశిండు. రత్తయ్య గిన్నె పొయ్యి గట్టు మీదనే ఉండిపోయింది.

మరుసటేడు వానలు దంచినయి. చెరుకు పడిపోయి నీళ్లల్ల నానింది, అసొంటి చెరుకుకు బుడగల లెక్క తప్పుతది. గానుగ కాడ ఇప్పుడు నర్సన్న, దేవన్న ఉన్నరు. ఇద్దరూ అన్న చేతికింద పని నేర్సుకున్నోళ్లే. పెద్ద బుడగలు లేశినయి. దించుదామా అని అన్న అడుగుడే ఆలస్యం, ఇద్దరు ఒక్క గొంతుతోని దించుదామన్నరు. ఆయన చూసిందే వాళ్లు చూస్తరు, ఆయన అన్నదే వాళ్లంటరు. గీ ఇద్దరెందుకు, ఒక్కడు సాలడా అని నాకు కడుపు మండింది. బెల్లం గడ్డ కట్టలే. అచ్చుల్లకెల్లి జిగటగ కారింది.

తెల్లారి గూడ గంతే. రైతులు బండ్లు మలుపుకొని పోవుడు షురువైంది. ఇట్లైతె గానుగ మూతవడుతదని అన్నకు తెలుసు.

గప్పుడు రత్తయ్య గిన్నె తీశిండు. నీళ్లు పోసి, తనే పాకం చుక్కేసి, తనే ఉండ చుట్టి చూశిండు. వచ్చింది అన్నడు. దించిర్రు. మళ్ల కారింది.

అందరు పోయినంక గట్టు మీద కూలబడ్డడు. వేళ్లకు పాకం అంటుకొనే ఉన్నది.

"నా వేలు గూడ నా మాటే ఇంటదే, హన్మవ్వా."

పోయి రత్తయ్యను తీస్కరా మరి అన్న నేను. ఏ మొఖం పెట్టుకొని పోవాలె అన్నడు. గంత పంతమోడు గట్ల అనంగ ఇంటె నాకు ఏడుపొచ్చింది.

ఆ సీజన్ల ఆఖరి కడాయి మా సొంత చెరుకుదే. బుడగలు లేశినయి. దించుదామా అని అన్న అడిగిండు. దించుదామన్నరు నర్సన్న, దేవన్న. అన్న కదలలే. గిన్నె ఉన్న దిక్కే చూస్కుంట నిలబడ్డడు, ఆగుమని ఎవలన్న అంటరేమోనని. పొయ్యిల పిప్పి ఎగేసుడు నేను ఆపిన. అయినా కింది నిప్పు గంత తొందరగ సల్లారుతదా? పాకం ఎర్రబడ్డది, మాడు వాసనొచ్చింది, నల్లబడ్డది. అన్న అట్లనే నిలబడ్డడు.

మరుసటేడు మా చెరుకంత ఫ్యాక్టరీకే పోయింది.