తాగేసిన చెంబెడు నీళ్ళు

ఉరవకొండ అవతల ఒక గుట్ట మీద పాత రాతి చర్చి ఉందని విని, అది ఏ కాలం నాటిదో తెలుసుకుందామని వెళ్ళాను. గుట్ట కింద వేరుశనగ చేలో కలుపు తీస్తున్న అవ్వ నన్ను చూసి, "పైకి పోతాండావా? నేనూ వస్తా" అంది. నా చేతికొక చెంబు నీళ్ళిచ్చి, తానొకటి పట్టుకుంది.

సగం దారిలో ఎండకు తాళలేక నా చెంబు గటగటా తాగేశాను.

చర్చి వాకిలి పక్కన ఒక రాతితొట్టి ఉంది. అవ్వ వెనక్కి తిరిగి నా ఖాళీ చెంబు చూసింది.

"తాగేసినావా? అవి తాగేదానికి కాదప్పా. ఈ గోడలకు సున్నం కలిపిన తొట్టి ఇది. మా పెద్దోళ్ళు కింద బాయిలోంచి కడవలతో నీళ్ళు మోసినారంట. అప్పుట్నుంచి ఈ గుట్ట ఎవురూ వట్టి చేతుల్తో ఎక్కరు."

"మీరు చర్చికి వచ్చేవాళ్ళేనా అవ్వా?"

"మేం మొక్కేది ఆంజనేయసామికి. నీళ్ళు మోసింది మాత్రం మావాళ్ళే కదా."

వానలేక కింద చేలన్నీ వాడిపోయి ఉన్నాయి. అయినా తన చెంబులో సగం నా చెంబులోకి వంచింది. ఇద్దరం తొట్టిలో పోశాం.

గోడల మీద ఎంత వెతికినా, కట్టిన కాలం చెప్పే ఒక్క అక్షరం కనబడలేదు.

"కట్టడం ఎప్పుడో అయిపోయింది కదవ్వా, ఇంకా నీళ్ళెందుకు?" అన్నాను.

"అయిపోయిందని ఎవురు చెప్పినారు?" అంటూ తడి చేతిని వాకిలి పక్క గోడకు రాసింది.

అక్కడ రాయి అరచేయంత మేర నున్నగా అరిగిపోయి ఉంది.