ఫిట్టరు సెట్టు

ఫిట్టరు ఏ ఇయర్‌ఫోన్లు కొన్నా వాటితో పాట వినేముందు విప్పి చూసేవాడు. విప్పకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. బస్‌స్టాపు పక్కన గొడుగు కింద దువ్వెనలు, తాళంకప్పలతో పాటు గుత్తులుగా వేలాడదీసి అమ్మే రకమే ఎప్పుడూ కొనేవాడు. "ఖరీదైనవి ఒకసారి విప్పితే మళ్లీ మూతపడవు. ఇవైతే మన మాట వింటాయి" అనేవాడు.

ఆయన ఉద్యోగం బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో. ఆ షెడ్డు తలుపు తీస్తే చప్పుడు చెవులకంటే ముందు పళ్లకి తగిలేది. లోపల ఎవరూ గొంతుతో మాట్లాడుకునేవారు కాదు. పెదాలు కదిపేవారు, అవతలివాళ్లు చూసి గ్రహించేవారు. పోగు తెగితే ఒక సైగ, బాబిన్లలో నూలు అయిపోతే ఒక సైగ, సూపర్‌వైజరు వస్తున్నాడంటే ఒక సైగ. ఆ చివరిది ఇక్కడ రాసేది కాదు. ఏ మగ్గానికి జబ్బు చేసినా ఫిట్టరు పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస మగ్గానికీ, రెండో కొస తన చెవి వెనక ఎముకకీ ఆనించి కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి "బేరింగు" అనో "బెల్టు" అనో పెదాలు కదిలేవి. తప్పేవాడు కాదు. తన చెవులు తనకి అన్నం పెడుతున్నాయని ఆయన గర్వం.

భార్య కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆవిడ పని. దుకాణం మిల్లు దాటాక అదే దారిలో ఉంది కాబట్టి పొద్దున్నే ఇద్దరూ ఒకే బస్సెక్కేవారు. మిగతా రోజంతా ఎవరి గొడవ వాళ్లది. పెళ్లయిన కొత్తలో చిన్న రేడియో ఒకటి మంచం మీద ఇద్దరి మధ్యా పెట్టుకుని వినేవారు. పిల్ల పుట్టాక ఆ రేడియో ఎటుపోయిందో పోయింది. తరవాత టీవీ వచ్చింది, దాంతో పాటు సౌండు దగ్గర పేచీ వచ్చింది. "ఈ వీధిలో ఇంకెవరూ టీవీ కొనక్కర్లేదు, మనది చాలు" అనేది ఆవిడ. ఫిట్టరు రిమోటు దిండు కింద పెట్టుకునేవాడు.

అందుకే ఆయన బస్సు మీద ఆశ పెట్టుకున్నాడు. ఒక ఫోను, ఒక తీగ, చెరొక చెవిలో చెరొకటి. మిల్లు వచ్చేదాకా ఇద్దరూ కలిసి పాటలు వినాలి. అంతకుమించి ఆయన కోరింది లేదు.

కానీ కొన్న ప్రతి సెట్టులోనూ పాట మీద ఎవరో దుప్పటి కప్పినట్టుండేది. వాయిద్యాలు వినిపించేవి, మాటలు నానిపోయి వచ్చేవి. చవక సరుకు, లోపల మూసుకుపోయి ఉంటుందనుకుని ఫిట్టరు రంగంలోకి దిగాడు. మొన మీది రబ్బరు తొడుగు తీస్తే సన్నటి జల్లెడ కనిపించింది. జల్లెడ వెనక చిటికెడు స్పాంజి. వీపున సూదిమొన పట్టేంత గాలిరంధ్రం. ముందు జల్లెడ పీకేశాడు. తరవాత స్పాంజి లాగేశాడు. గాలిరంధ్రాన్ని గుండుసూదితో ఇంకాస్త పెద్దది చేశాడు, ఎక్కువైందనిపించి భార్య గోళ్లరంగు చుక్కతో మూశాడు, మళ్లీ పొడిచాడు. చివరికి ఒకనాడు పాట దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. మాటలన్నీ విడివిడిగా, కడిగిన గాజుల్లా వినిపించాయి.

మర్నాడు భోజనాల వేళ మిల్లు మెట్ల మీద ముందుగా పెద్దక్క చెవిలో పెట్టాడు. పెద్దక్క ఆ షెడ్డులో అందరికంటే పాత మనిషి, దేన్నీ ఊరికే మెచ్చుకునే రకం కాదు. వింటూ వింటూ ముద్ద మధ్యలో ఆపింది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఈ పాటలో ఇన్ని మాటలున్నాయా?"

"ఉన్నాయి మరి. నువ్వు ఇన్నాళ్లూ వాయిద్యం ఒక్కటే విన్నావు."

"నాదీ చేసిపెట్టు. మా ఆయనకి చెప్పకు, లాక్కుంటాడు."

సాయంత్రానికి షెడ్డులో సగంమంది తమ ఇయర్‌ఫోన్లు తెచ్చి ఆయన జేబులో కుక్కారు. కొన్నాళ్లకి దానికి 'ఫిట్టరు సెట్టు' అని పేరు కూడా స్థిరపడింది.

షెడ్డు మెచ్చాక అడ్డేముంది? సోమవారం పొద్దున బస్సులో భార్యకి కిటికీ పక్క సీటిచ్చి, కుడివైపుది ఆవిడ చెవిలో తనే పెట్టాడు. పాట మొదలైంది. ఆవిడ తేలు కుట్టినట్టు లాగి అవతల పారేసింది.

"ఏమైందే?"

"చెవిలో గాజుపెంకు పెట్టి గీసినట్టుంది. ఏం చేశారండీ దీన్ని?"

"బాగు చేశాను."

"ఇంతకుముందు బాగుండేదన్నమాట."

ముందు సీటాయన నవ్వాడు. ఫిట్టరు మొహం మాడ్చుకున్నాడు. ఆవిడకి సంగీతం మీద శ్రద్ధ పోయిందని తీర్మానించుకున్నాడు గానీ ఊరుకోలేదు. ఇంకొకటి చేశాడు, దానికంటే విప్పారిన ధ్వనితో. అది వింటే ఆవిడకి పన్ను జివ్వుమంది. ఇంకొకటి చేశాడు. అది చెవిలో పెట్టుకోకుండా దూరం నుంచే విని, "నాకు తలనొప్పి, మీరు వినండి" అంది. ఆ వారమే ఒక పొద్దున బస్సెక్కి తిన్నగా ముందుకెళ్లి, రోజూ కనిపించే నర్సమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వెనక నుంచి ఫిట్టరుకి వాళ్ల పెదాలు కనపడవు కాబట్టి ఏం మాట్లాడుకుంటున్నారో తెలియలేదు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని మిల్లు దాకా వెళ్లాడు. ఆ రోజు పాట పెట్టలేదు.

మిల్లు ఆఫీసులో గుమాస్తా ఒకడు ఫిట్టరు సెట్టు పేరు విని తనకీ కావాలన్నాడు. ఫిట్టరు సంతోషంగా చేసిచ్చాడు. గుమాస్తా మధ్యాహ్నానికల్లా దాన్ని కాగితంలో చుట్టి తెచ్చాడు.

"ఏమనుకోకు అన్నా. ఇది నాకు పడదు. కుక్కలు కూడా పారిపోతాయి."

"షెడ్డులో అందరూ బాగుందన్నారే?"

"షెడ్డులో వాళ్లకి బాగుంటుందేమో మరి."

గుమాస్తా యథాలాపంగా అన్నాడు. ఫిట్టరు మాత్రం కాగితం పొట్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. కొత్తగా చేరిన ఫిట్టర్లకి ఆయన మొదట నేర్పే సంగతి ఒకటుంది. ఒక మగ్గం చెడితే ఆ మగ్గం విప్పు. వరస వరసంతా ఒకేలా చెడితే మగ్గాల జోలికి పోకు, అవన్నీ దేని మీద ఆధారపడి నడుస్తున్నాయో అక్కడికి పో. షెడ్డులో ఉన్నవాళ్లందరికీ బాగుంది. షెడ్డు బయట ఉన్న ఇద్దరినీ బాధపెట్టింది. ఇందులో విప్పవలసింది ఇయర్‌ఫోన్లు కావు. ఇన్నేళ్లు ఒకే చప్పుడు కింద నిలబడిన వాళ్లందరి చెవులూ ఒకే చోట అరిగిపోయాయి. ఆయనవీ అక్కడే అరిగాయి.

ఇంటికెళ్లి చెప్పులు విప్పుతూనే భార్యని అడిగాడు.

"ఈ చేతిగడియారం గంటగంటకీ కూసేది కదా, ఎప్పుడు పాడైంది?"

ఆవిడ ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, మొహం చూపిస్తూ చెప్పింది. "అది పాడవలేదు. మీ చేతిమీదే కూస్తోంది, రోజూ."

ఫిట్టరుకి అప్పుడు ఇంకోటి కూడా తట్టింది. ఆవిడ ఆయనతో మాట్లాడవలసినప్పుడల్లా చేస్తున్న పని ఆపి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఎప్పటినుంచి అలా చేస్తోందో ఆయన గమనించలేదు.

"నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"చెబితే వినపడొద్దూ?"

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వాక చాలాసేపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ టీ పెట్టి పక్కన ఉంచి వెళ్లింది.

ఆదివారం వచ్చింది. ఫిట్టరు బల్ల మీద కొత్త సెట్టు, సూది, కాగితపు టేపు, మగ్గాల కింద పేరుకునే దూదిపీచు చిటికెడు పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి జల్లెడ పీకలేదు. జీవితంలో మొదటిసారి, తను వినలేని దాన్ని తను సరిచేయాలి. దేన్ని ఆనించి వినాలి? ఎదురుగా ఆవిడని కూర్చోబెట్టి ఆవిడ మొహం చూశాడు.

"కనుబొమలు ముడేశావు. ఇంకా గుచ్చుతోందా?"

"కాస్త."

మొన మీద కాగితపు టేపు ముక్క అంటించాడు. ఆవిడ నుదురు విప్పారింది గానీ పెదవి విరిచింది.

"ఇప్పుడు మరీ ముక్కు మూసుకుని పాడుతున్నాడు."

టేపు మధ్యలో సూదితో ఒక్క పోటు. దూదిపీచు కొంచెం తీశాడు, కొంచెం పెట్టాడు. వంటింట్లో పని ఎక్కడిదక్కడే ఉండిపోయింది. చివరికి ఆవిడ మాట్లాడడం మానేసి కళ్లు మూసుకుంది. ఫిట్టరు సూది కింద పెట్టాడు. ఆశగా ఆ సెట్టు తన చెవిలో పెట్టుకుంటే పాట గోడ అవతలి ఇంట్లో ఎక్కడో పాడుతున్నట్టుంది.

"లాభం లేదు. నీకు నచ్చింది నాకు వినపడదు. నాకు వినపడింది నువ్వు భరించలేవు. రెండు సెట్లు కావాలి, రెండు ఫోన్లు కావాలి. ఇంక కలిసి వినేదేముంది?"

ఆవిడ ఆయన కళ్లద్దాలు తీసుకుని కొంగుతో తుడుస్తోంది. "ఇందులో కుడికంటి నంబరు వేరు, ఎడమకంటిది వేరు. నేనే చేశాను. ఎవరికీ చూడకుండా రెండు కళ్లకీ ఒకే అద్దం వెయ్యం. మరి మీ ఇయర్‌ఫోన్లకి రెండు పక్కలా ఒకటే ఎందుకుండాలండీ?"

ఫిట్టరు ఆవిడ వంక చూశాడు. తరవాత సెట్టు వంక చూశాడు. ఎడమవైపు దాని జల్లెడ పీకడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు. గుర్తుకి దాని మీద గోళ్లరంగు చుక్క పెట్టాడు.

సోమవారం ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. కుడిది ఆవిడకి, చుక్క ఉన్నది ఆయనకి. పాట మొదలైంది. ఆవిడ లాగి పారేయలేదు. కొంతదూరం పోయాక ఆయన వైపు తిరిగి పెదాలు కదిపింది.

"వెనకాల చిన్న గంటలున్నాయి, వింటున్నారా?"

ఆయనకి గంటలు లేవు. ఎన్నోసార్లు విన్న పాటే. తల అడ్డంగా ఊపాడు. ఆవిడ రెండు వేళ్లు ఆయన మణికట్టు మీద పెట్టి, గంట మోగినప్పుడల్లా తట్టడం మొదలుపెట్టింది. మిల్లు స్టాపు వచ్చేదాకా తడుతూనే ఉంది.

తరవాత సెట్లు చాలా మారాయి, అమరిక మారలేదు. ఫిట్టరు రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఆ బస్సెక్కి ఆవిడని దుకాణం దగ్గర దింపి వెనక్కి వచ్చేవాడు. ఒక చలికాలం మంచం పట్టి, లేవలేదు.

ఆవిడ పని మానలేదు. ఆయన చేసిన చివరి సెట్టుకి ప్లగ్గు దగ్గర తీగ తెగితే ఫోన్లు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లింది. అతను తీగ అతికించి, రెండూ చెవుల్లో పెట్టుకుని చూసి మొహం చిట్లించాడు.

"అమ్మా, ఒక పక్క మరీ కీచుగా ఉంది. రెండూ సమానం చేసేదా?"

"వద్దు బాబూ. ప్లగ్గు పనిచేస్తే చాలు."

"ఇలా రెండు రకాలుగా ఉంటే ఎలా వింటారమ్మా?"

"నేను ఒకటే పెట్టుకుంటాను."

"అయితే ఆ రెండోది కోసేస్తాను, అడ్డం ఉండదు."

"కోయకు" అంది ఆవిడ, చెయ్యి చాపి.