నిన్ బిన్‌కి ముందు ఒక శనివారం

వియత్నాం వెళ్ళడం గురించి మా ఇద్దరి మధ్యా పేచీ లేదు. హనోయ్‌లో ఎన్నాళ్ళుండాలి, సముద్రం మీద పడవలో రాత్రి గడపాలా వద్దా, చివర్లో ఏ ఊరు చూడాలి, అన్నీ ఒక సాయంత్రం కాఫీ చల్లారేలోపే తేలిపోయాయి. తేలనిదల్లా నిన్ బిన్ ఒక్కటే. హనోయ్‌కి రెండు గంటల దూరంలో ఉన్న పల్లెప్రాంతం అది. నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు, వాటి మధ్య మలుపులు తిరుగుతూ ఏరు, ఏటికి రెండు పక్కలా వరి. పడవ నడిపే ఆడవాళ్ళు వెనక్కి వాలి కూర్చుని కాళ్ళతో తెడ్లు వేస్తారు. ఆ వీడియో చూసిన రోజే అక్కడ మూడు రాత్రులు ఉండాలని నేను నిశ్చయించేసుకున్నాను. మా ఆయన మాత్రం పొద్దున వెళ్ళి సాయంత్రానికి హనోయ్ వచ్చేద్దామన్నారు.

ఆయనది కోనసీమ. వరిచేలు చూడ్డానికి సముద్రాలు దాటి వెళ్ళడమేమిటి, నేను పుట్టిందే చేలో కదా అని ఆయన వాదన. పుట్టింది అమలాపురం నర్సింగ్ హోమ్‌లో అని మా అత్తగారు నాకు ఎప్పుడో చెప్పారు. నేను గుంటూరు టౌన్‌లో పెరిగినదాన్ని. వరితో నాకున్న పరిచయమంతా బియ్యం బస్తా విప్పిన దగ్గర్నుంచే. అందుకని ఈ వాదనలో నాకు బలం తక్కువ, పంతం ఎక్కువ.

మేం అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో ఇల్లు కొనుక్కుని చాలా ఏళ్ళయింది. ఇక్కడ మనవాళ్ళలో ఎవరు ఏ ఊరు వెళ్ళొచ్చినా మొదట అడిగేది బావుందా అని కాదు, ఎన్ని కవర్ చేశారు అని. ఆ విద్యలో మా ఆయన ఆరితేరినవారు. ప్రయాణానికి ముందు ఎక్సెల్ షీట్ వేస్తారు. అందులో జలపాతానికి ఒక గడి, పులిహోర తినడానికి ఒక గడి, బాత్రూమ్‌కి ఒక గడి. మా అమ్మాయి చిన్నప్పటి ట్రిప్పుల ఫొటోలు తీసి చూస్తే సగం వాటిలో దాని కాలొకటి కార్లోనే ఉంటుంది. తలా ఒక వంట చేసి తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో ఒకసారి నిన్ బిన్ మాట కదిపితే అందరూ ఆయన వైపే చేరారు. వెళ్ళొచ్చిన ఒకావిడ అయితే, పడవ దిగాక అక్కడ చేయడానికింక ఏమీ లేదని తేల్చి చెప్పేసింది. నాకు కావలసింది సరిగ్గా అదేనని ఆవిడతో అనలేక గుత్తొంకాయ ఇంకాస్త వడ్డించుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం వీడియో కాల్‌లో అమ్మాయి అడిగింది. కిందటి ఆగస్టులోనే కాలేజీకి వెళ్ళింది, మాకున్నది అదొక్కతే.

"త్రీ నైట్సా? అమ్మా, నువ్వు, నాన్న, ఇద్దరే అక్కడ ఏం చేస్తారు?"

దాని మాటలో ఎగతాళి ఏమీ లేదు. లెక్కల్లో డౌట్ అడిగినట్టు అడిగింది. నేను నవ్వి ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ ఆ ప్రశ్న మాత్రం ముల్లులా ఎక్కడో దిగింది. ఎందుకంటే నాకూ జవాబు తెలియదు. ఇన్నేళ్ళూ మేమిద్దరం మాట్లాడుకున్నదంతా దాని గురించే. స్విమ్మింగ్‌కి ఎవరు దింపాలి, డాన్స్ క్లాస్ నుంచి ఎవరు తేవాలి, ఆ టీచర్ ఎందుకలా అంది, ఈ కాలేజీకి ఎందుకు అప్లై చేయలేదు. అది వెళ్ళాక మా రాత్రి భోజనాలు తొందరగా అయిపోతున్నాయి. ఆయన లాప్‌టాప్ దగ్గరికి, నేను ఫోన్ దగ్గరికి. పోట్లాటలేమీ లేవు. ఉన్నా కాస్త బావుండేది, మాట్లాడుకున్నట్టయినా ఉండేది.

నిజం చెప్పాలంటే నాకు భయం పట్టుకుంది. నిన్ బిన్‌లో పడవ దిగి వచ్చి, వరండాలో రెండు కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా చేలు, మా ఇద్దరి మధ్య మాటలేకుండా పోతే? అంత దూరం వెళ్ళి ఆ సంగతి తెలుసుకోవడం ఎందుకు? అయినా తెలుసుకోవాలనే ఉంది. నా పంతం వెనక ఉన్నది ఇదే, వరిచేలు కాదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఆయనకి అసలే చెప్పలేదు.

ఇక్కడ మా ఆయన గురించి ఇంకో విషయం చెప్పాలి. రద్దు చేసుకునే వీలు లేనిదేదీ ఆయన బుక్ చేయరు. వీసా మీద ఉన్న రోజుల్లో అబ్బిన అలవాటు అది. ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో, ఎప్పుడు పెట్టె సర్దాలో తెలియని కాలం. సోఫా మీద ప్లాస్టిక్ కవర్ తీయనిచ్చేవారు కాదు, తిరిగిచ్చేయాల్సి వస్తే కొత్తగా ఉండాలని. కొన్న చొక్కాలకి ట్యాగులు వారాల తరబడి వేలాడుతుండేవి. గ్రీన్ కార్డ్ వచ్చింది, తర్వాత సిటిజన్‌షిప్ వచ్చింది, ఆ భయం ఉండాల్సిన అవసరమే పోయింది. అలవాటు మాత్రం మా ఇంట్లోనే స్థిరపడిపోయింది. ఇప్పటికీ హోటల్ వెతికితే ముందు ఫ్రీ క్యాన్సిలేషన్ అనే పచ్చ అక్షరాల కోసం చూస్తారు. మన పెళ్ళికి ఆ సౌకర్యం లేకపోవడం నా అదృష్టం అని నేను ఏడిపిస్తుంటాను. ఆయన నవ్వి ఊరుకుంటారు.

ఏప్రిల్‌లో నాకొక ఆలోచన వచ్చింది. నిన్ బిన్ వెళ్ళేముందు ఒక శనివారం ఇంట్లోనే నిన్ బిన్‌లో ఉన్నట్టు ఉందామన్నాను. కారు తీయకూడదు, టీవీ పెట్టకూడదు, ఫోన్లు ముట్టుకోకూడదు. ఇంటి వెనక చెక్కలతో కట్టిన డెక్ మీద రెండు కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. సాయంత్రానికి విసుగు పుడితే ఒక్కరోజు టూరే ఖాయం. పుట్టకపోతే మూడు రాత్రులు. ఆయన నన్ను వింతగా చూసి, పైలట్ ప్రాజెక్ట్ అన్నమాట అని ఒప్పుకున్నారు. ఫోన్లు రెండూ తీసుకెళ్ళి పప్పుల డబ్బాల అరలో పెట్టాను.

జార్జియాలో ఏప్రిల్ అంటే పుప్పొడి. డెక్ అంతా పసుపు చల్లినట్టుంది. ఆయన కుర్చీలు తుడిచారు, బల్ల తుడిచారు, అంతటితో ఆగక రెయిలింగ్ కూడా మొదలుపెడితే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. కూర్చున్నాం. కాఫీ తాగాం. గడ్డి బాగా పెరిగిందన్నారు. పెరిగిందన్నాను. కోసేస్తే ఒక పనైపోతుంది కదా అన్నారు. వియత్నాంలో హోటల్ వాళ్ళు మీ చేత గడ్డి కోయించరన్నాను. కాసేపు ఇద్దరం కంచె మీద ఉడతని చూశాం. అదీ వెళ్ళిపోయింది. మూడు రాత్రులు కాదు, మూడు గంటలు గడిచేలా లేవనిపించింది.

అప్పుడు డోర్‌బెల్ మోగింది. పక్క కాలనీలో ఉండే నా స్నేహితురాలు. చేతిలో కరివేపాకు సంచి, ముఖంలో కంగారు. పొద్దుట్నుంచీ ఇద్దరం ఫోన్లు ఎత్తడం లేదట, అటుగా వెళ్తూ చూస్తే కార్లు రెండూ ఇంటి ముందే ఉన్నాయట. శనివారం పూట కార్లు రెండూ ఇంట్లో ఉన్నాయంటే మా వాళ్ళలో ఎవరికైనా కంగారే. నేను ఏం చెప్పాలా అని వెతుక్కుంటుంటే మా ఆయన వెనకనుంచి వచ్చారు.

"కంగారేం లేదమ్మా. మేం వియత్నాంలో ఉన్నాం," అన్నారు.

అంత గంభీరంగా అన్నారు ఆ మాట. ఆవిడ నావైపు చూసింది. నేను అవునన్నట్టు తలూపాను. కరివేపాకు నా చేతిలో పెట్టి, ఎప్పుడు తిరిగొస్తారు అన్నయ్యగారూ అని అడిగింది. సాయంత్రానికి అన్నారాయన. తలుపు వేశాక ఇద్దరం అక్కడే మెట్ల మీద కూలబడి నవ్వాం. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆయన దగ్గు పట్టేదాకా నవ్వారు. మేమిద్దరం అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మధ్యాహ్నం డెక్ మీదే పెరుగన్నం, ఆవకాయ తిన్నాం. ఆయన కాళ్ళు బార్లా చాపుకుని, కాళ్ళతో తెడ్డు వేయడం కష్టమేనంటూ గాల్లో వేసి చూపించారు. అక్కడినుంచి మాట వాళ్ళ ఊరి కాలవ మీదికి వెళ్ళింది. చిన్నప్పుడు కొబ్బరికాయల పడవ ఎక్కి ఆడుకుంటూ అందులోనే నిద్రపోయారట. లేచేసరికి పడవ వేరే ఊళ్ళో ఉందట. పడవాయన ఎండు చేపల కూరతో అన్నం పెట్టి, సాయంత్రం ఇంటికి చేర్చాడట. ఊరంతా వెతుకుతుంటే, ఈయన చేప బావుందని చెప్పి వీపు మీద రెండు తిన్నారట. ఇది నాకు ఇన్నేళ్ళలో ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చెప్పేంత తీరిక ఎప్పుడుందన్నారు.

తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఈసారి అది బరువుగా లేదు. ఆయన ఆవకాయ అంటిన వేళ్ళు తుడుచుకుంటూ, నావైపు చూడకుండా అన్నారు.

"నేను ఒక్కరోజు చాలన్నది వరిచేల వల్ల కాదు. మూడోరోజుకి నాతో నీకు బోర్ కొడుతుందేమోనని."

ఇన్ని నెలలుగా నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న భయం ఆయన దగ్గర కూడా ఉంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. నాకూ అదే భయమని చెప్పేశాను. మీతో నాకు కాదు, నాతో మీకు విసుగొస్తుందని. ఏడుపొచ్చింది, సంతోషంగానూ ఉంది. ఆయన నా జుట్టు మీద పడిన పుప్పొడి దులిపారు.

ఎండ దిగాక లేచి, పప్పుల అర తెరిచి తన ఫోన్ తీసుకున్నారు. నేను గిన్నెలు కడుగుతున్నాను. కాసేపటికి వచ్చి నా ముందు పెట్టారు. నిన్ బిన్, మూడు రాత్రులు, చేలవైపు వరండా ఉన్న గది. బుకింగ్ అయిపోయింది. అలవాటు కొద్దీ నేనే కిందికి జరిపి పచ్చ అక్షరాల కోసం వెతికాను. ఎక్కడా లేవు. నాన్ రిఫండబుల్ అని ఉంది. చెయ్యి తుడుచుకుని మళ్ళీ చూశాను.

"పొరపాటున వేరేది నొక్కేశారు," అన్నాను.

"చూసే నొక్కాను," అన్నారు. ఫోన్ మళ్ళీ పప్పుల అరలో పెట్టేసి, కుర్చీలు ఇంకా బయటే ఉన్నాయి రమ్మన్నారు.