పెరటి తలుపూ, మామ కార్బైనూ

నా చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో జరిగిన ఒక సంగతిని ఇక్కడ దుబాయ్‌లో నేను చాలామందికి తప్పుగా చెప్పాను. అది ఫోన్లలో పడి ఊరిదాకా పోయింది. అందుకని అసలు జరిగిందేమిటో ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. సెక్యూరిటీ గార్డుగా వచ్చిన నేను కొన్నేళ్లుగా ఒక షూటింగ్ క్లబ్బులో సహాయకుడిగా ఉన్నాను. సరదాకు తుపాకీ కాల్చి చూద్దామని వచ్చేవాళ్ల వెనక నిలబడి, ఎలా పట్టుకోవాలో చూపించడం నా డ్యూటీ. మొదటిసారి వచ్చినవాళ్లకు మేము ఎక్కువగా ఇచ్చేది కార్బైన్. చూడటానికి పొట్టి రైఫిల్‌లా ఉంటుంది కానీ అందులో వేసేది పిస్టల్ తూటా. భుజాన్ని గట్టిగా తన్నదు. పెద్ద రైఫిలంత మోత చెయ్యదు. పిస్టల్‌తో ఒక్కటీ తగిలించలేనివాళ్లు కూడా దీంతో కాగితానికి నాలుగు చిల్లులు పెట్టి, దాన్ని చుట్టుకుని నవ్వుతూ పోతారు.

ఒక సెలవు రోజున మా జగిత్యాల వైపు కుర్రాళ్లు కొందరు వచ్చారు. కాల్చడం అయ్యాక బయట చాయ్ తాగుతుంటే వాళ్లలో ఒకడు, "కాకా, గిది అటు పిస్తోలు గాదు, ఇటు రైఫిల్ గాదు. ఇంతకు దేనికి పనికొస్తది?" అని ఎగతాళి చేశాడు. నాకు రోషం వచ్చింది. మా మామ రిజర్వు పోలీసని, ఇలాంటి కార్బైన్‌తోనే ఇంటి మీదికి వచ్చిన దొంగల ముఠాను పెరటి తలుపు దగ్గర కాల్చి తరిమాడని, అప్పుడు ఆయన వెనకే నేనున్నానని చెప్పాను. నోటితో తూటాల మోత కూడా చేసి చూపించాను. వాళ్లు వీడియో తీసి 'కార్బైన్ మామ' అని పేరు పెట్టి అందరికీ పంపారు. సోనాపూర్‌లో మా లేబర్ క్యాంపు రూము వాళ్లు నన్ను కొన్నాళ్లు అదే పేరుతో పిలిచారు. నాకు బాగానే ఉండింది.

తర్వాత అత్తమ్మ ఫోన్ చేసింది. మామ అప్పటికే లేడు, కరోనా ఏడాది పోయాడు. విమానాలు ఆగిపోయి నేను కడచూపుకు కూడా వెళ్లలేకపోయాను.

"అల్లుడా, గా దొంగలు ఎక్కడినుంచి వచ్చిండ్రురా?" అంది. సరదాకు చెప్పానన్నాను. "మీ తాత మనుషులను కాల్చిండట గదా అని నా మనవలను బడిల అడుగుతున్నరు. నువ్వు చూసిందేందో నువ్వే చెప్పు" అని పెట్టేసింది.

నేను చూసింది ఇది.

వేసవి సెలవులకు నన్ను మామ వాళ్లింటికి పంపేవారు. ఆయన ఒక ఆఫీసరుకు గన్‌మన్. కార్బైన్ ఇంటికి కూడా తెచ్చుకునేవాడు. ఆ ఏడు నేను వెళ్లిన కొద్ది రోజులకే, పక్క పట్నంలో ఒక కానిస్టేబుల్‌ను అతని ఇంటి గడపలోనే ఎవరో కాల్చేశారని కబురొచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మామ అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో ఆపి, వీధిలో ఏ చప్పుడైందా అని వినేవాడు. ముందు తలుపుకు మంచం అడ్డం పెట్టి అందరం పెరటి వైపు నుంచే తిరిగేవాళ్లం. వచ్చేవాళ్లు ముందు గొంతు వినిపించాలని మామ కట్టడి చేశాడు. అత్తమ్మ మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కనక నన్ను పిలిచేది. ఆ పిలుపు వింటే తప్ప గడియ తీయకూడదు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ జొన్నలు పట్టించడానికి గిర్నికి పోయింది. వడగాలికి పైన రేకులు కొట్టుకుంటున్నాయి. మామ కార్బైన్ ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి పెరటి తలుపు మీద పెద్ద దెబ్బ పడింది.

మామ నన్ను ఒక్క లాగు లాగి తన వెనక వేసుకున్నాడు. "ఎవరు?" అని అడిగాడు. జవాబు లేదు. కార్బైన్ వెనక కొస మడత విప్పి భుజానికి ఆనించాడు. రెండో దెబ్బకు తలుపు చెక్కల మధ్య నుంచి మన్ను రాలింది. సందులో ఒక నీడ అటూ ఇటూ కదిలింది. "ఎవరది? పల్కు!" అని మామ అరిచాడు. ఆ గొంతు మామది కాదనిపించింది. అవతల నుంచి మాట లేదు.

నేను ఆయన నడుము బెల్టు పట్టుకుని ఉన్నాను. ఆయన వణుకు బెల్టులోంచి నా చేతుల్లోకి వస్తోంది. నా నిక్కరు తడిసిపోయింది. "కాల్చు మామా" అన్నాను. ఆయన కదల్లేదు. ఏడుస్తూ మళ్లీ అన్నాను, "కాల్చు!"

అప్పుడు నేను తల ఎత్తి చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆయన మోకాళ్లు, దవడ వణుకుతున్నాయి. కార్బైన్ మాత్రం దాదాపు కదలడం లేదు. వెనక కొస భుజంలోకి దిగి ఉంది, చెంప దాని మీద అంటుకుపోయి ఉంది, రెండు చేతులూ దాన్ని బిగించి పట్టాయి. చూపుడువేలు ట్రిగ్గర్ మీద లేదు, పక్కన చాపి ఉంది.

మూడో దెబ్బకు గడియ ఊడింది.

ఎండంతా ఒక్కసారిగా ఇంట్లో పడింది. గడపలో అత్తమ్మ. తల మీద పిండి డబ్బా, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. దుమ్ము నోట్లో పడకుండా కొంగు పళ్ల మధ్య కరిచి పట్టింది. అందుకే పిలవలేదు; రేకుల మోతలో మామ అరుపూ ఆమెకు వినబడలేదు. చేతులు ఖాళీ లేక కాలితో తన్నింది. ఎండలోంచి వచ్చిన కళ్లకు లోపల ఏమీ కనబడక, కొంగు వదిలి, "చెవుడొచ్చిందా మామా అల్లుళ్లకు? ఎంతసేపు తన్నాలె తలుపు?" అని తిట్టింది. అప్పుడు తుపాకి గొట్టం కనబడింది. డబ్బా జారి ఇల్లంతా పిండి అయింది.

మామ గొట్టాన్ని గోడ వైపు తిప్పాడు. మ్యాగజైన్ తీసి దూరంగా పెట్టాడు. ఆ తర్వాత ఆ పిండిలోనే కూలబడ్డాడు.

"కాల్చు" అన్నందుకు నన్ను ఒక్క మాట అనలేదు. పిండి ఎత్తడం అయ్యాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక తూటా నా అరచేతిలో పెట్టాడు. నా చిటికెన వేలంత కూడా లేదది. గింత చిన్నది తలుపు దాటి పోయేదా అని అడిగాను. "పోతుండె. మీ అత్తకు గది చాలు" అన్నాడు. తూటా వెనక్కి తీసుకుంటూ, "పిస్తోలైతే నా చెయ్యి వణుకుడుకే పేలుతుండె బిడ్డా. పెద్ద రైఫిల్‌ది తలుపు, మనిషి, ఎదురింటి గోడ అన్నీ దాటుతుండె. గిది భుజానికి ఆనింది. భయపడ్డోనికి జర ఆగి చూసే సందు ఇచ్చింది" అన్నాడు. నేను మామ నోట విన్న కార్బైన్ పాఠం అంతే.

ఆయన రిటైరయ్యే దాకా ఏ మనిషినీ కాల్చలేదు. కుర్రాళ్ల ముందు అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. లేని దొంగలను తెచ్చి గడపలో నిలబెట్టి, ఆయన చేత కాల్పించాను. గడపలో ఉన్నది అత్తమ్మే అని తెలిసీ ఆ పని చేశాను.

వీడియో తీసిన పిల్లవాడికి ఫోన్ చేసి నిజం చెప్పాను. "అంతేనా కాకా? ఒక్క తూటా గూడ పేల్చలేదా?" అన్నాడు. లేదన్నాను. "గిదెవరు చూస్తరు?" అని నవ్వాడు. అందుకే రాయాల్సి వచ్చింది.

ఇది రాసి ముందు అత్తమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. 

"కాల్చుమన్నవా అల్లుడా నువ్వు?" అంది.

"మామ చెప్పలేదా?"

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చెప్పలె."

 అన్నం తిన్నావా అని ఆమే అడిగింది.

మా క్లబ్బులో సహాయకులందరూ కస్టమర్ సిద్ధం కాగానే కాల్చమని చెబుతారు. నా నోటికి ఆ మాట ఏ భాషలోనూ రాదు. ముదీర్, అంటే మా మేనేజరు, అడిగితే, అలవాటైపోయింది సార్ అని తప్పించుకుంటాను. కాగితం మీద గీసిన బొమ్మే అని తెలిసినా, వాళ్ల భుజం మీద చెయ్యి వేసి "చూశారా?" అని అడుగుతాను. చూశామంటే, ఇంకోసారి చూడమంటాను.