సుక్మా దారిలో చేతిపట్టీ, తేనెమైనం

మా పెద్దమ్మకు ఐదేళ్లుగా చెవులు వినపడవు. ఆమె ఊరు సుక్మా నుంచి కుంట వెళ్లే రోడ్డు మీద, దోర్నపాల్ దాటాక వస్తుంది. గనుల నుంచి ఇనుపరాయి మోసే లారీలు ఆ రోడ్డునే పోతాయి. వానాకాలంలో రోడ్డు పక్కంతా బురద కాబట్టి పొలానికి వెళ్లేవాళ్లు తారు మీదే నడుస్తారు. పోయిన నెల ఒక లారీ వెనక నుంచి వచ్చి ఆమె నెత్తి మీది గంపను ఎగరగొట్టింది. గంప చక్రం కింద నలిగింది, పెద్దమ్మ బురదలో పడి బతికింది. ఆ మాట ఫోనులో విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. జగదల్‌పూర్‌లో రేడియోలూ మిక్సీలూ బాగుచేసి బతుకుతున్నదాన్ని, నాకు చేతనైంది ఒక్కటే. వెనక హారన్ మోగితే చేతికి అదిరే పట్టీ ఒకటి చేశాను.

చెయ్యడం తేలికే, దాన్ని ఈ వానలోనూ ఈ ఎర్రదుమ్ములోనూ బతికించడమే కష్టం. మొదటిదాన్ని పాలిథిన్ కవరులో చుడితే లోపల చెమట చేరి రెండు రోజుల్లో చచ్చింది. రెండోదాని సర్క్యూట్ మీద గోళ్లరంగు పూశాను. తడి ఆగింది గానీ, మైకు రంధ్రంలో దుమ్ము పట్టి అది కూడా చెవిటిదైంది. మూడోదానికి మైకు మీద బెలూను రబ్బరు బిగించాను. ధ్వని వెళ్తుంది, నీళ్లు వెళ్లవు. మొత్తాన్ని అగ్గిపెట్టెంత డబ్బాలో పెట్టి, మూతకు చుట్టూ గట్టి జిగురు పోసి, సైకిల్ ట్యూబు పట్టీకి కుట్టాను. రాత్రంతా బకెట్లో ముంచినా పనిచేసింది. ఆ గర్వంతోనే పొద్దున ఆరింటి బస్సెక్కాను. సుక్మాకు నూట యాభై రూపాయలు, మూడున్నర గంటలు. అక్కడ దిగి కుంట బస్సు పట్టుకోవాలి.

దోర్నపాల్ ఇవతల జవాన్ల చెకింగులో కుంట బస్సు ఆగింది. సన్నగా తుంపర. నా సంచీలో చెయ్యి పెట్టిన జవాను ఆ చేతిని అక్కడే ఆపాడు. తీగలు, బ్యాటరీ, ఇంట్లో అతికించిన డబ్బా. మందుపాతరలు పేలే ఈ జిల్లాలో ఈ మూడూ ఒకచోట కనబడితే ఎవరికైనా అనుమానమే. హిందీలో పెద్దమ్మ సంగతంతా చెప్పాను. అతను ఓపిగ్గా విని, "ఠీక్ హై దీదీ, ఖోల్‌కే దిఖాయియే" అన్నాడు. విప్పి చూపించమంటే ఎలా విప్పుతాను? విప్పడానికి వీల్లేకుండా అతికించిందే నేను! చివరికి కండక్టర్ దగ్గర చాకు అడిగి, ఆ తుంపరలో నిలబడి నేనే అంచు పగలగొట్టాను. జవాను లోపలికి చూసి తలాడించాడు. కండక్టర్ మాత్రం, "ఏందక్కా, ఈ రోడ్డు తెల్వనిదాని లెక్క చేసినవ్" అన్నాడు. నేను పుట్టింది ఈ ప్రాంతంలోనే, బచేలి గనుల కాలనీలో. ఆ మాటకు సిగ్గేసింది.

పదకొండున్నరకు ఊరు చేరేసరికి డబ్బా లోపల ఆవిరి పట్టింది. చప్పట్లు కొట్టాను, అరిచాను, పట్టీ అదరలేదు. పెద్దమ్మ తనకు వినపడదు కనుక ఊరంతటికీ వినపడేలా, "నాకెందుకు బిడ్డా గా తిప్పలు! నేను సూస్కుంట నడుస్త!" అంది. వెనక వచ్చేదాన్ని ఏం చూసుకుంటుంది?

మా వదిన, అంటే పెద్దమ్మ కోడలు, డబ్బాను తిప్పి చూసింది. "లోపల తడి వెట్టి మూస్తే విత్తులైనా మురుగుతయ్ సుగుణా. మేం బుర్రల ఎట్ల దాస్తమో సూడలేదా?" అంది. పొయ్యి పైన వేలాడే సొరకాయ బుర్రలను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎప్పుడూ అడగలేదు. విత్తనాలను పొయ్యి వేడికి ఆరబెట్టి, ఆ గోరువెచ్చదనం పోకముందే బుర్రలో పోసి మైనంతో మూతి మూస్తారట. ఊరికి ఎవరు వచ్చి అడిగినా మైనం గీకి చూపించి మళ్లీ మూయొచ్చు.

బ్యాటరీ తీసేసి, సర్క్యూట్‌నూ డబ్బానూ చేటలో పెట్టి పొయ్యికి మూరెడు దూరంలో రెండు గంటలు ఉంచాం. బ్యాటరీ మళ్లీ వేసి, తేమ పీల్చడానికి డబ్బా మూలలో వేయించిన బియ్యంతో చిన్న గుడ్డమూట పెట్టాను. వదిన తేనెమైనంలో కొంచెం గుగ్గిలం కరిగించి మూత అంచు చుట్టూ పూసింది. పెద్దమ్మ చేతికి కట్టి, వెనక నుంచి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది. పెద్దమ్మ ఉలిక్కిపడింది. "అదురుతాంది! తేలు పాకినట్టు అదురుతాంది!" అని అరిచింది. అందరం నవ్వాం గానీ నా భయం పోలేదు. పళ్లెం వేరు, లారీ వేరు. పైగా వాన పడుతూనే ఉంది.

మర్నాడు ఏడింటి బస్సుకు తిరిగి బయలుదేరాను. పెద్దమ్మ నాకంటే ముందే పొలానికి వెళ్లిపోయింది. మలుపు తిరగ్గానే కనబడింది. నెత్తిన కొత్త గంప, వీపు మా వైపు, తారు మధ్యలో నడుస్తోంది. "అన్నా, హారన్ కొట్టు" అన్నాను డ్రైవర్‌తో. కొట్టాడు. ఆమె కదల్లేదు. "ఇంకోసారి అన్నా!" రెండోసారి కొట్టేసరికి పెద్దమ్మ పక్కకు జరిగి బురదలోకి దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు దాటుతుంటే పట్టీ ఉన్న చెయ్యి మాత్రం పైకెత్తింది.

మొదటిసారి ఎందుకు అదరలేదో నాకింకా తెలియదు. హారన్ కొట్టని డ్రైవరుంటే ఏం చెయ్యాలో కూడా తెలియదు. నీళ్లు పోకుండా మూయడం నేర్చుకున్నాను, అంతే. దిగులు మూయడానికి మైనం లేదు. ఇలాంటి పరికరం ఏదైనా పట్టుకుని ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క మాట. డబ్బా లోపలిది కనబడేలా ఉండాలి, మూత వదులుగా పెట్టి తీసుకురండి, ఊరు చేరాక పొయ్యి దగ్గర ఆరబెట్టి అప్పుడు మైనం పూయండి. చేతికి కట్టాక మాత్రం, రెండో హారన్ దాకా ఆగకుండా మొదటిదానికే అదురుతుందో లేదో రోడ్డు మీద చూసుకున్నాకే వెనక్కి బస్సెక్కండి. నేను చూసుకోకుండా ఎక్కేశాను. వచ్చే ఆదివారం మళ్లీ ఆరింటి బస్సుకు టికెట్టు తీసుకున్నాను.